ఆర్కిడ్‌కి ఎరువు: ఎంత, ఎప్పుడు, ఏ నీళ్లలో

ఆర్కిడ్‌కి ఎరువు వేసేది పువ్వు కోసం అనుకుంటారు చాలామంది. నేను గడ కోసం, అంటే దాని నిలువు కాండం కోసం వేస్తాను. డెండ్రోబియం అనే ఆర్కిడ్ రకంలో ఈ వానాకాలం లేచిన పిలక ఎంత ఎత్తు సాగింది, ఎంత లావు కట్టింది అన్నదాన్ని బట్టే తర్వాత దాని కొసన వచ్చే పూలకాడ బలం తేలిపోతుంది. మొగ్గ కనబడ్డాక ఎంత ఖరీదైన పొడి కలిపి పోసినా ఆ లెక్క పెద్దగా మారదు. డిసెంబరులో మా షెడ్డుకి వచ్చి "పూతకి ఏం మందు వెయ్యమంటారండీ?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: జూన్‌లో వేసిందే ఇప్పుడు పూస్తుందండీ.

మాది గోదావరి డెల్టాలోని కడియపులంక. 50 శాతం షేడ్‌నెట్ కింద డెండ్రోబియంలు, కొబ్బరి చెట్ల మధ్య కట్టిన తీగకి వేలాడే వాండాలు, వెనకవైపు 75 శాతం నెట్ కింద కొన్ని ఫలనాప్సిస్‌లు పెంచుతాం. ఇక్కడ రాసేదంతా మన డెల్టా ఎండకి, మన గాలిలో తేమకి, మన నీళ్లకి సరిపోయే లెక్క. బెంగళూరు లెక్క, ఊటీ లెక్క ఉన్నదున్నట్టు ఇక్కడ పనికిరావు.

ముందు వేరు చూడండి

ఎరువు డబ్బా తెరిచే ముందు ఒక వాండా వేరుని దగ్గరగా చూడండి. ఎండినప్పుడు అది వెండి పూత పూసినట్టు తెల్లగా ఉంటుంది. కొస ఒక్కటే లేతాకుపచ్చగా నిగనిగలాడుతుంది. దాని మీద నీళ్లు పోయండి. మీరు చూస్తుండగానే తెలుపు పోయి వేరంతా పచ్చబడుతుంది. పైన ఉన్న తెల్లపొరని వెలామెన్ అంటారు. అది చచ్చిన కణాల పొర. నీళ్లు తగలగానే పీల్చుకుని అద్దంలా అయిపోతుంది, లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఆ పొర తనకి మొదట తగిలిన నీళ్లని పట్టి ఉంచుకుంటుంది. అందులో ఎరువు పలచగా ఉంటే వేరుకి తిండి. ఘాటుగా ఉంటే ఆ ఉప్పంతా వేరుని అంటిపెట్టుకునే ఉంటుంది, కొస నల్లబడి ఎదుగుదల ఆగిపోతుంది.

మారేడుమిల్లి వైపు అడవిలో చెట్ల బెరడు మీద పెరిగే ఆర్కిడ్లకి యూరియా ఎవరు వేశారు? వాన మొదలవగానే కొమ్మల మీది దుమ్ము, కుళ్లిన ఆకులు, పిట్టల రెట్టలు కరిగి కాండం వెంట జారతాయి. ఆ పలచటి నీళ్లే వాటి తిండి. అది కూడా వానాకాలమంతా కొంచెం కొంచెంగా అందుతుంది. మనం కుండీలో చేయాల్సిందీ అంతే. పలచగా వేయాలి, తరచుగా వేయాలి.

మన ఇళ్లలో వరికి తెచ్చిన డీఏపీ, యూరియా బస్తాలు ఎప్పుడూ ఉంటాయి. చేతికి అందుతాయి కదా అని నాలుగు గుళికలు కుండీలో వేస్తుంటారు. రావులపాలెం నుంచి ఒకాయన తెచ్చిన డెండ్రోబియం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఆకులు ముదురాకుపచ్చగా, వెడల్పుగా, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. పూత మాత్రం లేదు. కుండీ నుంచి దులిపి చూస్తే కింద వేర్లన్నీ గోధుమరంగు తొక్కలు. గుళిక దేనికి ఆనుకుని కరిగిందో అక్కడ వేరు పోయింది. మట్టిలో అయితే ఆ ఘాటుని మట్టి సర్దుకుంటుంది. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కలు ఉన్న కుండీలో ఆ అండ ఉండదు. ఆర్కిడ్‌కి వేసేది ఏదైనా పూర్తిగా నీళ్లలో కరిగేది కావాలి, కరిగించే వేయాలి.

చెంచా లెక్క

మన ఎరువుల కొట్లలో సులువుగా దొరికేది 19-19-19. అంటే నూటికి 19 పాళ్లు నత్రజని, 19 భాస్వరం, 19 పొటాష్. లీటరు నీటికి ఒక గ్రాము కలిపితే అందులో నత్రజని 190 పీపీఎం (లీటరుకి 190 మిల్లీగ్రాములు) అవుతుంది, అర గ్రాము అయితే 95. నా షెడ్డులో ఎదిగిన మొక్కలకి మామూలు మోతాదు ఆ అర గ్రామే, వారానికి ఒకసారి. వానాకాలంలో పిలకలు జోరుగా సాగుతున్నప్పుడు డెండ్రోబియంలకి మాత్రం ఒక గ్రాము దాకా వెళ్తాను. ల్యాబ్‌లో పెంచిన ఫ్లాస్కు నుంచి తీసి నాటిన చిన్న మొక్కలకి పావు గ్రాము చాలు. వాండాకి కుండీ ఉండదు, పోసిందంతా కారిపోతుంది, కాబట్టి అదే అర గ్రాము నీళ్లు వారానికి రెండుసార్లు వేర్లు తడిసేదాకా కొడతాను.

ఇంట్లో పది కుండీలు ఉన్నవాళ్లకి ఇంకా సులువు. పది లీటర్ల బకెట్‌కి ఒక టీస్పూను, గీసినట్టు సమంగా. కుప్పగా కాదు. అది సుమారు 5 గ్రాములు తూగుతుంది. రెండు మూడు వందలు పెడితే చిన్న డిజిటల్ కాటా దొరుకుతుంది, కొనుక్కుంటే ఇంకా నయం. ప్యాకెట్ మీద లీటరుకి 5 గ్రాములు అని ఉంటుంది చూడండి, అది మిరపకీ టమాటాకీ. ఆర్కిడ్‌కి కాదు.

ఈ 19-19-19 గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు యూరియాని మొక్క సులువుగా తీసుకునే రూపంలోకి మారుస్తాయి. బొగ్గు, ఇటుక ముక్కల మధ్య అవి తక్కువ. చాలా భాగం మారకముందే కుండీ కింద నుంచి కారిపోతుంది. అందుకే నేను దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోను. ఒక వారం 19-19-19 వేస్తే మరో వారం కాల్షియం నైట్రేట్ వేస్తాను, అదీ లీటరుకి అర గ్రామే. అందులో 15.5 శాతం నత్రజని ఉంది, దాదాపు అంతా నైట్రేట్ రూపంలోనే. దాంతోపాటు కాల్షియం వస్తుంది. కాల్షియం అందకపోతే లేతాకుల కొసలు నల్లబడి లోపలికి పాకుతాయి, కొత్త వేర్లు కూడా మొండిగా ఆగిపోతాయి.

ఈ రెండూ ఒకే బకెట్లో కలపకండి. ఎందుకో ఒకసారి గాజు గ్లాసులో చేసి చూడండి. ఒక గ్లాసులో కాల్షియం నైట్రేట్, ఇంకో గ్లాసులో 0-52-34 కొంచెం చిక్కగా కరిగించండి. రెండూ తేటగానే ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి పోయగానే నీళ్లు పాలలా విరిగి, కాసేపటికి అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. కాల్షియం, భాస్వరం పట్టుకుని రాయిలా గడ్డకట్టాయన్నమాట. అది ఇక మొక్కకి అందదు, స్ప్రేయర్ నాజిల్‌ని కూడా మూసేస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్‌ని కూడా కాల్షియం నైట్రేట్‌తో కలపకూడదు, జిప్సం తయారవుతుంది. దాన్ని నెలకోసారి విడిగా, లీటరుకి అర గ్రాము ఇస్తాను.

కొబ్బరి డొక్కతో ఒక జాగ్రత్త

మనకి అంబాజీపేట ఉండగా డొక్కలకి కొదవేముంది. కుండీలో వేయడానికి చవక, తేమ పట్టి ఉంచుతుంది. కానీ పచ్చి డొక్కలో పొటాష్, సోడియం, క్లోరైడ్ నిండా ఉంటాయి. సముద్రం దగ్గరి తోటల డొక్క అయితే ఉప్పు ఇంకా ఎక్కువ. ముక్కలు కోసి తొట్టిలో నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి. మొదటిరోజు నీళ్లు డికాషన్‌లా దిగుతాయి, ఆ రంగు తేలిపోయేదాకా మారుస్తూనే ఉండాలి. తర్వాత లీటరుకి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడుగుతాను. డొక్క పట్టుకున్న సోడియం, పొటాష్‌లను కాల్షియం తోసేసి ఆ చోట కూర్చుంటుంది. ఈ పని చేయకపోతే మనం పోసిన కాల్షియం అంతా డొక్కే తాగేస్తుంది, మొక్కకి మిగలదు.

డొక్కలో పెంచేవాళ్లు పొటాష్ విపరీతంగా పోయక్కర్లేదు. మొదటి ఏడాది డొక్క నుంచే కొంత వస్తుంది. బొగ్గులో, ఇటుక ముక్కల్లో పెంచేవాళ్లకి మాత్రం పొటాష్ మనం ఇచ్చిందే దిక్కు.

నీళ్లు తీపివా, ఉప్పువా?

నన్నడిగితే డెల్టాలో ఆర్కిడ్ ఎరువు గురించి మాట్లాడటం అంటే సగం నీళ్ల గురించి మాట్లాడటమే. మా ఆడపడుచు సఖినేటిపల్లి దగ్గర ఉంటుంది. "వదినా, నువ్వు చెప్పినంతే పోస్తున్నాను, ఆకుల కొసలు మాడిపోతున్నాయేంటి?" అని ఫోన్ చేసింది. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని చూపించే టీడీఎస్ మీటరు తీసుకుని వెళ్లి వాళ్ల బోరు నీళ్లలో పెడితే ఎనిమిది వందలు దాటి చూపించింది. ఎరువు వేయకముందే ఆ నీళ్లలో అంత ఉప్పుంది. పైన మనం వేసేది ఇంకొంచెం. వేరు ఏం తట్టుకుంటుంది? వాళ్లింట్లో ఇప్పుడు వాన నీళ్లు డ్రమ్ముల్లో పడుతున్నారు. ఎండాకాలంలో అవి సరిపోకపోతే సగం వాన నీళ్లు, సగం బోరు నీళ్లు కలిపి వాడుతుంది, ఎరువు మోతాదు కూడా సగానికి తగ్గించింది. మాడటం ఆగింది.

వాన నీళ్లు అన్నింటికన్నా మేలు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లు కూడా మంచివే. బురద ఉంటే ఒక రోజు తేరనిచ్చి వాడండి. చిక్కంతా వేసవిలో కాలువలు కట్టేశాకే. అప్పుడు అందరం బోరు మీద పడతాం. మీటరు 500 దాటితే నేను ఆ నీళ్లతో ఎరువు సగమే కలుపుతాను, వట్టి నీళ్లతో కడగడం రెండింతలు చేస్తాను. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఇంకో ఇబ్బంది. లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. ఇనుము లేక కాదు, నీళ్ల క్షారం వల్ల ఇనుము అందక. ఎరువు నీళ్ల పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే అన్నీ అందుతాయి.

మీటరు కొన్నవాళ్లకి ఒక మాట. యూరియా ఆ మీటరుకి కనబడదు. 19-19-19 కలిపిన నీళ్లలో అంకె తక్కువ చూపించిందని ఇంకో చెంచా వేసేయకండి.

కుండీ అంచు మీద, ఇటుక ముక్కల మీద తెల్లటి పొడి పేరుకుంటే ఉప్పు చేరిందని గుర్తు. నెలకోసారి ఎరువు మాని, కుండీకి పట్టేదానికి రెండింతలు మంచినీళ్లు నెమ్మదిగా పోసి కింద నుంచి పోనివ్వాలి. వర్షాకాలంలో ఆ పని వానే చేసిపెడుతుంది. అయితే వాన ఎరువుని కూడా కడిగేస్తుంది కాబట్టి తెరిపి ఇచ్చిన రోజు చూసి మళ్లీ వేయాల్సిందే. ముసురు పట్టింది కదా అని నెలంతా ఊరుకుంటే, పిలక సరిగ్గా సాగాల్సిన రోజుల్లోనే పస్తు పెట్టినట్టు అవుతుంది.

ఏడాది తిరిగేసరికి

మృగశిర కార్తెతో చల్లబడ్డాక పిలకలు ఊపందుకుంటాయి. ఆ పిలక అడుగున తెల్లటి కొత్త వేర్లు బయల్దేరాయంటే ఎరువు మొదలుపెట్టడానికి అదే సమయం. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా నత్రజని తగ్గనివ్వను. 19-19-19, కాల్షియం నైట్రేట్ వంతులవారీగా వేస్తూ ఉంటాను. ఈ నాలుగు నెలల్లో గడ ఎంత లావెక్కిందో వేళ్ల మధ్య పట్టి చూసుకుంటాను. పాత గడ కన్నా కొత్తది సన్నంగా, పొట్టిగా వస్తుంటే తిండి చాలట్లేదనో, వేర్లు దెబ్బతిన్నాయనో, వెలుతురు తక్కువైందనో అర్థం. మూడూ చూడాలి.

అలాగని నత్రజని గుప్పించకూడదు. మన దగ్గర గాలిలో తేమ ఎలాగూ ఎక్కువ. మెత్తగా, నీరుపట్టినట్టు పెరిగిన ఆకు ముసురులో ఇట్టే కుళ్లుతుంది. ఆకు ముదురు రంగులోకి దిగి వాలిపోతుంటే తగ్గించండి. ఆర్కిడ్ ఆకు కాస్త లేత రంగులో, నిటారుగా ఉండాలి.

అక్టోబరు, నవంబరుల్లో గడ కొసన చివరి ఆకు విచ్చుకుని ఎదుగుదల ఆగుతుంది. అప్పుడు 19-19-19 స్థానంలో 13-0-45 తెస్తాను, లీటరుకి అర గ్రాము. పొటాష్ గడని గట్టిపరుస్తుంది, తుపాను గాలికీ తెగులుకీ కొంత తట్టుకుంటుంది. కాల్షియం నైట్రేట్ మానను. డిసెంబరు, జనవరి చలిలో మొక్క నెమ్మదిస్తుంది కాబట్టి పదిహేను రోజులకోసారి చాలు. రోహిణీ కార్తెలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో అసలు ఎరువే ముట్టను. పొద్దున్నా సాయంత్రం చల్లటి నీళ్లు, గాలి ఆడేలా చూసుకోవడం, అంతే. ఎండకి వేర్లు బాగా ఎండి ఉన్నప్పుడు ఎరువు వేయాల్సి వస్తే ముందు మంచినీళ్లతో తడిపి, ఒక గంట ఆగి వేయండి. ఏ కాలమైనా పొద్దున్నే వేయడం మంచిది. ఫలనాప్సిస్ నడి గుండెలో సాయంత్రం నీళ్లు నిలిస్తే తెల్లారేసరికి మొవ్వు కుళ్లు మొదలవుతుంది.

పూత పొడుల సంగతి

"బ్లూమ్ బూస్టర్" అని భాస్వరం ఎక్కువున్న పొడులు అమ్ముతారు. 0-52-34, 12-61-0 కూడా అదే ఆశతో కొంటారు. భాస్వరం లేకుండా మొక్క బతకదు, నిజమే. కానీ 19-19-19లో ఉన్నదే ఆర్కిడ్‌కి కావాల్సినదానికన్నా ఎక్కువ. టెక్సాస్‌లో ఇన్-టుంగ్ వాంగ్ అనే శాస్త్రవేత్త ఫలనాప్సిస్ మీద ఇదే పరీక్ష పెట్టి 2000లో ప్రచురించారు. భాస్వరం ఎక్కువున్న ఎరువుకి మార్చినందువల్ల పూతకి మేలేమీ కనబడలేదు. పైగా చలికాలం ముందే ఎరువు ఆపేసిన మొక్కలకి పూలు తగ్గాయి, కింది ఆకులు రాలాయి. మన దగ్గర చాలామంది చేసేది సరిగ్గా అదే. పూతకాలం వస్తోంది కదా అని నత్రజని పూర్తిగా ఆపేసి భాస్వరం పట్టిస్తారు. మొక్క పూలకి కావాల్సిన నత్రజనిని తన పాత ఆకుల్లోంచి లాక్కుంటుంది.

పువ్వుని పిలిచేది వేరే. ఫలనాప్సిస్‌కి చలి కావాలి. కొన్ని వారాలపాటు వేడి సుమారు 25 డిగ్రీల లోపు ఉంటేనే కాడ వేస్తుంది. వేడి 28, 29 దాటి ఉన్నంతకాలం ఆకులే వేస్తూ పోతుంది. మనకి ఆ చల్లదనం ధనుర్మాసంలోనే. అప్పటికి మొక్క బలంగా ఉంటే సంక్రాంతి తిరిగేసరికి ఆకు మొదట్లో కాడ తల ఎత్తుతుంది. డెండ్రోబియం సోనియా లాంటి రకాలకి చలితో పనిలేదు, గడ ముదరాలి, వెలుతురు చాలాలి. నెట్ మీద నెట్ వేసి నీడలో పెట్టి, పూయట్లేదని పొడులు మారుస్తుంటే లాభం లేదు. డెండ్రోబియం నోబిలే సంగతి వేరు. దానికి వానలు తగ్గాక నత్రజని ఆపాలి, లేకపోతే మొగ్గ రావాల్సిన కణుపు దగ్గర పిల్లమొక్క వస్తుంది. కానీ అది కొండప్రాంతాల చలి కోరే మొక్క. మన ఊళ్లలో దానికోసం డబ్బు పెట్టవద్దనే చెబుతాను.

పూలు విచ్చుకున్నాక వాటి మీద ఎరువు నీళ్లు పడనివ్వకండి, మచ్చలు పడతాయి. వేర్లకి మాత్రం పలచగా ఇస్తూనే ఉండవచ్చు.

సేంద్రియం, గుళికలు

వేరుశెనగ చెక్క నానబెట్టిన నీళ్లు, పంచగవ్య, చేపల నీళ్లు పోయవచ్చా అని అడుగుతారు. కొబ్బరి చెట్టుకి కట్టిన వాండాలకీ డెండ్రోబియంలకీ పంచగవ్యని పల్చటి గుడ్డలో వడగట్టి, లీటరుకి 30 మిల్లీలీటర్లు కలిపి కొట్టవచ్చు. గాలికి, వానకి కడుక్కుపోతుంది. కుండీలో ఉన్న ఫలనాప్సిస్‌కి మాత్రం నేను పోయను. చెక్క నీళ్ల మడ్డి ముక్కల మధ్య చేరి గాలి ఆడనివ్వదు. ఆ వాసనకి చీమలు పడతాయి, తేమకి నత్తలు చేరతాయి. నత్త ముందు తినేది లేత వేరు కొసనే.

ఆస్మోకోట్ లాంటి, పైన పొర ఉండి ఎరువుని నెమ్మదిగా వదిలే గుళికల మీద మూడు నెలలనో ఆరు నెలలనో రాసి ఉంటుంది. ఆ లెక్క 21 డిగ్రీల వేడికి వేసింది. మన మే నెలలో అవి చాలా వేగంగా వదిలేస్తాయి, ఆ సమయానికి మొక్క తినే స్థితిలో కూడా ఉండదు. వాడాలనుకుంటే వానాకాలం మధ్యలో, రాసిన మోతాదులో మూడో వంతు వేయండి. పైన ద్రవ ఎరువు తగ్గించండి.

కుండీ మార్చిన మొక్కకి కొత్త వేరు కొస కనిపించేదాకా ఎరువు వద్దు. వేర్లు పోయిన మొక్కకి ఎరువు పోసినా తాగే నోరు లేదు. అలాంటిదాన్ని నీడలో, తేమలో ఉంచి, సముద్రపు నాచు ద్రావణం లీటరుకి ఒక మిల్లీలీటరు కలిపి వారానికోసారి చల్లుతూ వేరు కోసం ఎదురుచూడటమే.

చివరిగా, కొన్న పొడులు దాచే పద్ధతి. కాల్షియం నైట్రేట్ గాలిలోని తేమని లాగేసుకుంటుంది. మన వానాకాలంలో ప్యాకెట్ నోరు తెరిచి వదిలేస్తే వారం తిరిగేసరికి నీరుకారి ముద్దవుతుంది, ఇక ఏ చెంచాతో కొలిచినా లెక్క కుదరదు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీద పేరు రాసి, పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. వంటింట్లో మాత్రం వద్దు. తెల్లగా ఉప్పులాగే ఉంటుంది.